నడుము స్క్రూల పెట్టె ముందు రోజే రావాలి

ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఆస్పత్రుల సూపరింటెండెంట్లకు, యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సూపరింటెండెంట్లకు, యాజమాన్యాలకు నమస్కారం.

మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డ గీత కార్మికుడు, బావి పూడిక తీస్తూ జారిన కూలీ, ట్రాక్టర్ బోల్తాపడి కింద చిక్కుకున్న రైతు, జాతీయ రహదారి 163 మీద బైకు అదుపుతప్పిన కుర్రాడు. వెన్ను విరిగి మన ఆస్పత్రులకు వచ్చేది ఇలాంటివాళ్లే. వీళ్లలో చాలామందికి దెబ్బ ఒకే చోట తగులుతుంది, డీ-11 పూసకూ (ఛాతీ వెనక పదకొండోది) ఎల్-2 పూసకూ (నడుములో రెండోది) మధ్య. పైన పక్కటెముకలు పట్టి ఉంచిన గట్టి వెన్ను, కింద వంగే నడుము, ఆ రెండూ కలిసే చోటు అది. నిలువునా పడితే భారమంతా అక్కడ దిగబడి పూస నలుగుతుంది. వెన్నుపాము ముగిసేదీ ఇంచుమించు ఎల్-1 దగ్గరే కాబట్టి, నలిగిన ఎముక ముక్క వెనక్కి జరిగిందంటే కాళ్లలో బలం, మూత్రం మీద పట్టు రెండూ పోయే ప్రమాదం ఉంది. (ఎత్తు నుంచి పడి మడమ విరిగిందని వచ్చినవాళ్లకు నడుము ఎక్స్-రే కూడా తీయించండి. ఈ రెండూ జంటగా విరుగుతుంటాయి.) గీత కార్మికులు పడకుండా 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. పడ్డ మనిషి థియేటర్‌కు చేరాక, విరిగిన వెన్నును పట్టి ఉంచడానికి లోపల వేసే స్క్రూలు, రాడ్ల గురించి కూడా అంతే శ్రద్ధ పెట్టమని అడగడానికే ఈ లేఖ.

మేము ఆపరేషన్ థియేటర్లలో, స్టెరిలైజేషన్ గదుల్లో, స్టోర్లలో ఈ స్క్రూలతో, రాడ్లతో రోజూ పనిచేసేవాళ్లం. ఆపరేషన్ చేసే డాక్టర్లూ మాలో ఉన్నారు. మేము అడుగుతున్నది ఒకటే. డీలరు పంపే స్క్రూల పెట్టె ఆపరేషన్‌కు కనీసం 24 గంటల ముందు ఆస్పత్రిలోకి రావాలి, రాకపోతే ఆపరేషన్ వాయిదా వేయాలి. కింద రాసిన మిగతా కోరికలన్నీ దీన్ని పట్టుకుని వచ్చేవే.

ఎందుకో చెప్పాలంటే పెట్టెలో ఏముంటుందో ముందు చూడాలి. మోకాలి చిప్ప మారిస్తే వాడే భాగాలు విడివిడిగా, సీలు వేసిన స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) డబ్బాల్లో వస్తాయి. వెన్ను స్క్రూలు చాలావరకు అలా రావు. రంధ్రాల పళ్లెంలో స్క్రూలు నిలబెట్టి ఉంటాయి, పక్కనే రాడ్లు, చిన్న గిన్నెలో ఇన్నర్లు, అంటే రాడ్‌ను స్క్రూ తలలో బిగించే చిన్న మరలు. వాటితోపాటు రెండు మూడు ట్రేల పనిముట్లు: రంధ్రం మొదలుపెట్టే ఆల్, పూస మెడలోకి (పెడికిల్, పూసలో స్క్రూ దిగే సన్నని ఎముక భాగం) దారి చేసే ప్రోబ్, గోడలు తడిమే ఫీలర్, మర కోసే ట్యాపులు, స్క్రూ డ్రైవర్లు, రాడ్ వంచేది, కోసేది, నొక్కి కూర్చోబెట్టేది, దగ్గరికి లాగేది, దూరం జరిపేది, చివరి బిగింపుకు టార్క్ హ్యాండిల్, ఎదురు పట్టే గొట్టం. ఇన్ని సైజులతో సొంత సెట్టు కొనిపెట్టుకోవడం చిన్న ఆస్పత్రికి బరువు. అందుకే డీలరు హైదరాబాద్ నుంచి పంపుతాడు, వాడిన స్క్రూలకు బిల్లు వేసి మిగిలినవి వెనక్కి తీసుకెళ్తాడు. అదే పెట్టె ఆ తర్వాత ఇంకో ఊరికి, ఇంకో థియేటర్‌కు పోతుంది. అంటే మన చేతికొచ్చే పెట్టె కొత్తది కాదు. అది అంతకు ముందు వేరే రోగి రక్తం పక్కన తెరిచి ఉంచిన పెట్టె. దాన్ని కడిగారో లేదో, ఏ నీళ్లతో కడిగారో మనకు తెలియదు. బయట ‘స్టెరైల్’ అని స్టిక్కర్ ఉన్నా సరే, మన గుమ్మం దాటిన ప్రతి పెట్టెనూ మురికిదిగానే లెక్కగట్టి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇక గంటల లెక్క చూద్దాం. పెట్టె రాగానే కంపెనీ అబ్బాయి, మన టెక్నీషియన్ ఎదురెదురుగా కూర్చుని ప్రతి స్క్రూ, ప్రతి పనిముట్టు లెక్కపెట్టి, జాబితాలో రాసి, ట్రేల ఫొటో తీయాలి. దీనికి అర గంట. విడదీయగలిగిన పనిముట్లన్నీ విడదీసి ఎంజైమ్ ద్రావణంలో నానబెట్టాలి. ఎంత కలపాలో, ఎంతసేపు ఉంచాలో డబ్బా మీద రాసి ఉంటుంది, సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, 45 డిగ్రీలు దాటకూడదు. మరిగే నీళ్లు పోస్తే రక్తంలోని ప్రొటీన్ గుడ్డు ఉడికినట్టు గట్టిపడి లోహానికి అంటుకుపోతుంది. డొల్లగా ఉండే డ్రైవర్ల లోపల సరిపడే బ్రష్‌తో రెండు వైపుల నుంచీ తోమాలి, స్క్రూ తల తిరిగే కీలులోనూ తోమాలి. తర్వాత శబ్ద తరంగాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ తొట్టిలో 10 నిమిషాలు. చివరి కడుగుడు ఆర్వో నీళ్లతోనే. మన బోరు నీళ్లు కఠినం. అవి ఆరాక మిగిలే తెల్లటి పొర కింద ఆవిరి తగలదు, అందులోని క్లోరైడు స్టీలు పనిముట్లను సన్నసన్నగా గుంటలు పడేట్టు తినేస్తుంది. ఆరబెట్టి, భూతద్దం కింద చూసి, మళ్లీ అమర్చి, రెండు పొరల్లో చుట్టాలి. నాలుగు ట్రేలకు ఇదంతా ఒక మనిషి చేస్తే రెండున్నర గంటలకు తక్కువ పట్టదు.

తర్వాత ఆటోక్లేవ్, అంటే ఆవిరి వేడితో సూక్ష్మజీవులను చంపే యంత్రం. ప్రీ-వాక్యూమ్ యంత్రంలో 134 డిగ్రీల దగ్గర నిలిపేది మూడు నాలుగు నిమిషాలే అయినా, గాలి లాగడం, వేడెక్కడం, చివర్లో 20 నుంచి 30 నిమిషాలు ఆరడం కలిపితే గంట దాటుతుంది. ఆరబెట్టే దశ కోసేస్తే ట్రే తడిగా బయటికొస్తుంది. తడి ట్రే స్టెరైల్ కాదు, తడి బట్ట బయటి సూక్ష్మజీవిని లోపలికి పీలుస్తుంది. వేడి ట్రేను చల్లని గ్రానైటు బల్ల మీద పెట్టినా అడుగున నీరు పేరుకుంటుంది. అందుకే జాలీ మీద పెట్టి గంటసేపు చల్లారనివ్వాలి. ఒక్కో ట్రే బరువు 11 కిలోలు దాటకూడదు. దాటితే లోహం మీద ఆవిరి నీరుగా మారి అడుగున నిలిచిపోతుంది, ఎత్తే సిస్టర్ నడుమూ పోతుంది. కంపెనీలు ఒకే ట్రేలో అన్నీ కుక్కి పంపితే రెండు ట్రేలుగా విడగొట్టాలి.

చివరిది, అందరూ ఎగ్గొట్టేది, బయలాజికల్ ఇండికేటర్. ఆటోక్లేవ్ టేపు మీద గీతలు నల్లబడ్డాయంటే వేడి తగిలిందని మాత్రమే అర్థం. సూక్ష్మజీవి చచ్చిందా లేదా అన్నది వేడికి తేలిగ్గా చావని జియోబాసిలస్ బ్యాక్టీరియా స్పోర్లున్న చిన్న సీసా చెబుతుంది. శరీరంలో ఉండిపోయే వస్తువు ఉన్న ప్రతి లోడులోనూ ఆ సీసా పెట్టాలి, ఫలితం వచ్చేదాకా ఆ లోడు విడుదల చేయకూడదు. పాత రకం సీసాకు ఒకటి రెండు రోజులు పడుతుంది. త్వరగా చెప్పేవి మూడు గంటల్లోపే చెబుతాయి, కొన్ని 24 నిమిషాల్లోనే. రెండో రకం, దాని రీడరు కొనండి. వీటితో పాటు రోజూ పొద్దున్నే ఖాళీ ఆటోక్లేవ్‌లో బౌవీ-డిక్ పరీక్ష చేయాలి. అది గాలి సరిగా పోతోందో లేదో చూసేది. నిలువు కుక్కర్‌లాంటి ఆటోక్లేవ్ మాత్రమే ఉన్నచోట ఈ బరువైన ట్రేలు, డొల్ల పనిముట్లు అసలు వేయవద్దు. ట్రే మధ్యలో చిక్కుకున్న గాలి అందులో బయటికి రాదు.

కూడితే లెక్కపెట్టడం నుంచి విడుదల దాకా ఏడెనిమిది గంటలు. పొద్దున ఆరింటికి బస్సులోనో కారులోనో దిగిన పెట్టెతో తొమ్మిదింటికి కోత పెడుతున్నామంటే ఆ మధ్యలో ఏదో ఒకటి ఎగిరిపోయినట్టే. ఎగిరిపోయేవి ఎప్పుడూ అవే: అల్ట్రాసోనిక్, ఆరబెట్టడం, స్పోరు సీసా. అత్యవసరంగా చుట్టకుండా వేసే ఫ్లాష్ సైకిల్ కింద పడ్డ ఒక పనిముట్టుకు పనికొస్తుందేమో, స్క్రూలకు పనికిరాదు.

మనిషి వెన్నులో దీని ఫలితం ఎలా ఉంటుందో కూడా రాయాలి. లోహం మీద చేరిన బ్యాక్టీరియా, ముఖ్యంగా స్టాఫిలోకాకస్, చుట్టూ జిగురు పొర అల్లుకుంటుంది. ఆ పొరలోకి యాంటీబయాటిక్ సరిగా దిగదు. పుండులో చీము పడితే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి కడగాలి, ఒక్కసారి చాలకపోవచ్చు కూడా. ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం మందులు ఇవ్వాలి. ఎముక అతుక్కోకముందే స్క్రూలు తీయాల్సి వస్తే విరిగిన వెన్ను మళ్లీ ఊగుతుంది. కోతకు ముందు గంట లోపు ఇచ్చే సెఫజొలిన్ ఇంజెక్షన్, షుగరు అదుపు, చర్మం శుభ్రం, ఇవన్నీ అవసరమే. అవన్నీ సరిగా చేసి పెట్టె దగ్గర జారితే ఏం లాభం?

అయితే 24 గంటలు ఆగలేని కేసులున్నాయి. కాళ్లలో బలం గంటగంటకూ తగ్గుతున్న మనిషికి నరాల మీద ఒత్తిడి తీసేయడం ఎంత త్వరగా అయితే అంత మంచిది, అక్కడ పెట్టె కోసం ఆగమనడం తప్పు. కాబట్టి ఎమర్జెన్సీ వెన్ను కేసులు తీసుకునే ప్రతి ఆస్పత్రి, నడుము, ఛాతీ పూసలకు సరిపోయే ఒక సెట్టును తన దగ్గరే ఉంచుకోవాలి. కొనగలిగితే కొనాలి, లేదంటే వాడినప్పుడే బిల్లయ్యే కన్‌సైన్‌మెంట్ పద్ధతిలో పెట్టుకోవాలి. అది మన చేతులతోనే కడిగి, మన ఆటోక్లేవ్‌లోనే వేసి, తేదీ రాసి, ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఊళ్లు తిరిగే పెట్టె అనుకున్న తేదీకి చేసే ఆపరేషన్లకే వాడాలి.

ఆ సెట్టులో ఏముండాలో కొనుగోలు విభాగానికి ఉపయోగపడేట్టు చెబుతాం. డీ-12 విరిగితే పైన రెండు పూసలు, కింద రెండు పూసలు పట్టుకుంటే 8 స్క్రూలు. పైన ఒకటి, కింద ఒకటి, విరిగిన పూసలోనూ వేస్తే 6. స్క్రూ లావు పూస మెడ లావులో 80 శాతం దాటకుండా చూడాలి, లేకపోతే గోడ పగులుతుంది. ఛాతీ మధ్య పూసలకు 4.5 మి.మీ., డీ-11, డీ-12లకు 5 లేదా 5.5, నడుముకు 5.5 నుంచి 7 దాకా వాడకం ఉంటుంది. పొడవులు 30 నుంచి 50 దాకా అయిదేసి మి.మీ. తేడాతో. ఎల్-1 మెడ ఎల్-5 కన్నా బాగా సన్నగా ఉంటుంది, చిన్న శరీరాల్లో మరీ సన్నం. సీటీలో కొలిచి, ఏ పూసకు ఏ సైజో ముందు రోజు కాగితం మీద రాసి స్టోర్‌కు పంపితే సగం తిప్పలు తగ్గుతాయి. మధ్య సైజుల్లో ఒక్కోదానికి కనీసం ఆరు స్క్రూలు, అంచు సైజుల్లో నాలుగు. ఇన్నర్లు స్క్రూల కన్నా నాలుగు ఎక్కువ, రాడ్లు వాడే రెండు కాక మరో రెండు. డ్రైవర్లు తప్పకుండా రెండు. డ్రైవర్ కొస అరిగితే స్క్రూ తల లోపలి గాడి తినేస్తుంది, అప్పుడు స్క్రూ లోపలికీ పోదు, బయటికీ రాదు. కోత పెట్టాక రెండో డ్రైవర్ కోసం హైదరాబాద్‌కు ఫోన్ చేసే పరిస్థితి రాకూడదు, వరంగల్ నుంచే దారి దాదాపు 150 కిలోమీటర్లు.

ఇప్పుడు ఒక ఇబ్బందికరమైన విషయం. 45 మి.మీ. స్క్రూ వేశాక సీ-ఆర్మ్‌లో (థియేటర్‌లోని ఎక్స్-రే యంత్రం) పొడవు ఎక్కువైందని తెలిసి, తీసి 40 వేస్తారు. తీసిన 45 ఎక్కడికి పోవాలి? ఎముకలో దిగి వచ్చిన స్క్రూ మర అంచుల్లో ఎముక పొడి, రక్తం, తిరిగే కీలులో కొవ్వు ఉంటాయి. ఆ కీలును విప్పి కడగలేం. దాన్ని పళ్లెంలో తిరిగి నిలబెడితే వచ్చే వారం ఇంకొకరి వెన్నులోకి వెళ్తుంది. శరీరంలోకి వెళ్లొచ్చిన స్క్రూ ఏదైనా మళ్లీ వాడకూడదు, అయిదు నిమిషాలే లోపలున్నా సరే. ఈ నియమం అందరికీ తెలుసు. కానీ ఆ స్క్రూ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో తేల్చకుండా నియమం గోడ మీద రాస్తే, టేబుల్ దగ్గర నిలబడ్డ సిస్టర్ మీద, కంపెనీ అబ్బాయి మీద చెప్పని ఒత్తిడి పడుతుంది. డీలరుతో రాసుకునే ఒప్పందంలోనే కేసుకు రెండు స్క్రూల దాకా వృథాను ఎవరు భరించాలో రాయించండి. ఆరోగ్యశ్రీ ప్యాకేజీల ధర కట్టే అధికారులకు కూడా మా విన్నపం ఇదే. 6 స్క్రూల ఆపరేషన్‌కు లెక్క వేసేటప్పుడు ఆరుతో ఆపకుండా, పారేయాల్సి వచ్చే ఒకటి రెంటికీ చోటుంచండి. వీలైనచోట సీలువేసిన స్టెరైల్ డబ్బాల్లో ఒక్కోటిగా వచ్చే స్క్రూలకు మారండి. ఒక్కో స్క్రూకు కొంచెం ఖర్చు పెరుగుతుంది, పళ్లెంలో ఏడాది పొడవునా వంద సార్లు ఆవిరి తిన్న స్క్రూ సమస్య పూర్తిగా పోతుంది.

పెట్టె ముందే వస్తే పట్టుబడే లోపాలు ఇంకా ఉన్నాయి. అన్నిటికన్నా ప్రమాదం రెండు కంపెనీల కలగలుపు. ఒక సెట్టులో తగ్గిన ఇన్నర్లను ఇంకో సెట్టు నుంచి తెచ్చి నింపితే చూడ్డానికి తేడా తెలియదు, రెండు మూడు చుట్లు తిరుగుతాయి కూడా. మర కోణం కొంచెం తేడా ఉన్నా చివరి బిగింపు పట్టదు, రాడ్ కొన్ని నెలల్లో జారుతుంది. సైజును బట్టి వేసే రంగులు కూడా కంపెనీకో తీరు, రంగు చూసి సైజు అనుకోవద్దు. స్టీలు స్క్రూ మీద టైటానియం రాడ్ వేస్తే శరీర ద్రవాల్లో రెండు లోహాల మధ్య చిన్న కరెంటు పారినట్టై తుప్పు మొదలవుతుంది. టైటానియం అన్నది కూడా ఒక్కటి కాదు. స్క్రూలకు ఎక్కువగా వాడేది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపిన మిశ్రమం, దాని ప్రమాణం ఐఎస్‌ఓ 5832-3. బిల్లు మీద ‘టైటానియం’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే చాలదు, మెటీరియల్ సర్టిఫికెట్‌లో ఈ నంబరు ఉందో లేదో చూడండి.

టార్క్ హ్యాండిల్ కూడా చూడాలి. ఇన్నర్‌ను చివరగా బిగించడానికి సెట్టును బట్టి సుమారు 8 నుంచి 12 న్యూటన్ మీటర్ల బలం కావాలి. ఆ బలం రాగానే హ్యాండిల్ టిక్కుమని ఆగాలి. ఏళ్ల తరబడి ఆవిరిలో ఉడికిన హ్యాండిల్ ముందే టిక్కుమనొచ్చు, అసలు అనకపోవచ్చు. తక్కువైతే రాడ్ జారుతుంది, ఎక్కువైతే స్క్రూ తల విచ్చుకుంటుంది. ఆఖరుసారి కాలిబ్రేషన్ చేసిన (బలం సరిచూసిన) తేదీ కాగితం పెట్టెతో పాటు రావాలి. బిగించేటప్పుడు ఎదురు పట్టే గొట్టం లేకుండా బిగిస్తే మెలి మొత్తం పూస మీద పడుతుంది. ఎముక మెత్తబడ్డ ముసలివాళ్లలో స్క్రూ అక్కడికక్కడే వదులవుతుంది.

రాడ్ వంచడం డాక్టర్ల పని కాబట్టి ఇక్కడ ఒక్క మాటే. ఒకసారి వంచిన టైటానియం రాడ్‌ను తిరిగి సాపు చేసి మళ్లీ వంచితే, వంచే యంత్రం పళ్లు దిగినచోట గీత పడుతుంది. బైండింగ్ వైరు వంచి తిప్పితే తెగినట్టు, రోజూ వేల అడుగులు నడిచే మనిషి వెన్నులో ఆ గీత దగ్గరే రాడ్ తెగుతుంది. పెట్టెలో రెండు రాడ్లు అదనంగా ఉండాలన్నది అందుకే. తప్పుగా వంగితే పక్కన పడేసి కొత్తది తీసుకోవచ్చు.

కాగితాల సంగతి. ఎముకల ఇంప్లాంట్లు 2005 నుంచీ ఔషధ చట్టం పరిధిలో ఉన్నాయి, ఇప్పుడు వీటికి 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ వర్తిస్తాయి. ప్రమాద స్థాయిని బట్టి చేసిన తరగతుల్లో వెన్ను స్క్రూలు సి తరగతిలోకి వస్తాయి. దేశంలో తయారైతే తయారీదారుకు ఎండీ-9 లైసెన్సు, దిగుమతి అయితే ఎండీ-15, అమ్మే డీలరుకు ఎండీ-42 రిజిస్ట్రేషనో, మందుల అమ్మకం లైసెన్సో ఉండాలి. ఈ కాగితాలు లేని పెట్టెను స్టోర్ లోపలికి రానివ్వకండి. లేబుల్ మీద లైసెన్సు నంబరు, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది), ఎమ్మార్పీ ఉండాలి. పళ్లెంలో నిలబెట్టిన స్క్రూల లేబుళ్లు డీలరు గోడౌన్‌లోనే మిగిలిపోతాయి, స్క్రూ తల మీద చెక్కిన చిన్న అంకెలే మనకు ఆధారం. థియేటర్ లైట్ల కింద నెత్తుటి చేతులతో అవి చదవలేం. ముందు రోజు లెక్కపెట్టేటప్పుడే చదివి జాబితాలో రాయాలి. ఆపరేషన్‌లో ఏది ఏ పూసలోకి వెళ్లిందో స్క్రబ్ సిస్టర్ చెబుతుంటే సర్క్యులేటింగ్ సిస్టర్ నాలుగు చోట్ల ఎక్కించాలి: కేసు షీటు, ఆపరేషన్ నోటు, ఇంప్లాంట్ రిజిస్టరు, రోగి కార్డు. కంపెనీ ఒక లాటును వెనక్కి పిలిస్తే అది ఎవరి వెన్నులో ఉందో రిజిస్టరు తిప్పగానే తెలియాలి.

ధర గురించి ఎక్కువ రాయం. 2017లో గుండె స్టెంట్లకు, మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర కట్టారు. వెన్ను స్క్రూలకు అలాంటి కట్టు లేదు. కాబట్టి ప్రతి స్క్రూకూ ఎమ్మార్పీ, ఆస్పత్రి కొన్న ధర, రోగికి వేసిన ధర మూడూ బిల్లులో కనపడేలా చేయడం మీ చేతిలోనే ఉంది. లెక్క దాచనిచోట నాసిరకానికీ చోటుండదు.

స్క్రూ విరిగినా, రాడ్ తెగినా, ఇన్నర్ ఊడినా అది మన తప్పని బయటపడుతుందేమోనని దాచే అలవాటు పోవాలి. వైద్య పరికరాల లోపాలను నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి నడుస్తోంది, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూస్తుంది. ఆస్పత్రిలో ఒకరిని ఈ పనికి పెట్టి, లాట్ నంబరుతో సహా ఫారం నింపి పంపించండి. తీసిన లోహాన్ని కడిగి, ఫొటో తీసి, పరీక్షకు పంపాల్సిన అవసరం తీరేదాకా దాచాలి. తర్వాత 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం శరీరంలోంచి తీసిన లోహపు ఇంప్లాంట్లు నీలం గుర్తున్న, పొడుచుకు రాని పెట్టెలోకి పోవాలి. స్క్రాపుకు కాదు, డీలరు సంచిలోకీ కాదు.

వెన్నులోని లోహం ఎంతకాలం నిలుస్తుందన్నది రోగికి చెప్పకుండా పంపించడమూ ఒక లోపమే. ‘నడుములో రాడ్లేసిండ్రు, ఇగ ఎప్పటికీ గట్టిగనే ఉంటది’ అనుకుని ఇంటికి పోతారు. రాడ్లు ఎప్పటికీ మోయడానికి వేసేవి కావు. అవి పట్టి ఉంచినంతలో పూసల మధ్య ఎముక అతుక్కోవాలి, అందుకు ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అతుకు పడకపోతే ఎంత మంచి రాడ్ అయినా ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది. బీడీ, చుట్ట, ఖైనీ, ఏ రూపంలోనైనా నికోటిన్ ఎముక అతుకును దెబ్బతీస్తుంది. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఎక్స్-రే తీసి, స్క్రూ చుట్టూ నల్లటి అంచు కనపడుతోందా అని చూడాలి. ఆ అంచు స్క్రూ వదులవుతోందనడానికి గుర్తు.

అందుకే ప్రతి రోగికీ ప్లాస్టిక్ పూత వేసిన కార్డు ఇవ్వమని అడుగుతున్నాం. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో ఈ స్క్రూ తీయాల్సి వస్తే, కంపెనీ పేరు తెలియకుండా సరిపోయే డ్రైవర్ దొరకదు. ఎమ్మారై చేసే టెక్నీషియన్‌కు కూడా లోపల ఏ లోహం ఉందో తెలియాలి. కార్డు మీది మాటలు ఇలా ఉంటే చాలు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు:

‘నా వెన్నులో లోహపు స్క్రూలు, రాడ్లు ఉన్నాయి. ఆపరేషన్ తేదీ: ____. ఆస్పత్రి, డాక్టర్: ____. ఏ పూస నుంచి ఏ పూస దాకా: ____. స్క్రూలు ఎన్ని, సైజులు: ____. రాడ్ లావు: ____. లోహం: ____. కంపెనీ, సెట్టు పేరు: ____. లాట్ నంబర్లు: ____. ఎమ్మారై తీసే ముందు ఈ కార్డు చూపిస్తాను. జ్వరం, పుండు నుంచి చీము, కాళ్లలో కొత్తగా తిమ్మిరి లేదా బలహీనత, మూత్రం ఆగిపోవడం, నడుములో ఒక్కసారిగా టక్కున చప్పుడై నొప్పి, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వస్తాను. డాక్టర్ చెప్పేదాకా చెట్టు ఎక్కను, బస్తా మోయను, ముందుకు వంగి నాట్లు వేయను. తర్వాత ఎక్స్-రే తేదీ: ____.’

ఇట్లు,
వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ఆపరేషన్ థియేటర్లలో, స్టెరిలైజేషన్ విభాగాల్లో పనిచేసే నర్సులు, టెక్నీషియన్లు, డాక్టర్లు